డబ్బా అడుగు

"జీరో చూడండి సార్."

పొద్దున బంకు తెరిచింది మొదలు మధ్యాహ్నం డ్యూటీ దిగేదాకా ఝాన్సీలక్ష్మి నోట వచ్చే మాట ఇదే. నిద్రలో కూడా ఇదే అంటుందని ఇంట్లో నవ్వుతారు. ఇంతా చేసి ఆ జీరో చూసేవాడు పదిమందిలో ఒకడుంటే గొప్ప. బండి స్టాండు వేసి ఫోనులో మునిగిపోతారు. పైపు తీసి మూత బిగించాక తల ఎత్తి, "ఏందమ్మా, జీరో నుంచే కొట్టినవా?" అని అడుగుతారు. కొందరు మరీ తెలివైనవాళ్లు. రెండు వందలకు పోయమనరు, రెండు వందల పదికి పోయమంటారు. రౌండు ఫిగరుకు మిషన్లో ఏదో మతలబు పెడతారట, పైన పది వేస్తే ఆ మతలబు పనిచేయదట. ఎవరు పుట్టించారో గాని చిలకలగూడ నుంచి బొల్లారం దాకా అందరికీ అదే నమ్మకం.

ఝాన్సీ అన్న పేరు పెట్టిన రోజు తండ్రి, పిల్ల గుర్రమెక్కుతుందని అనుకున్నాడో ఏమో. నలభై దాటేసరికి పిల్ల చేతిలో కత్తికి బదులు డీజిలు పైపు ఉంది. పిక్కల మీద నరాలు తాళ్లలా తేలాయి. రోజంతా నిలబడటం ఒక ఎత్తు, రోజంతా జనం దొంగను చూసినట్టు చూడటం ఇంకో ఎత్తు. మొదటిదానికి పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకుంటే కొంత నయం. రెండోదానికి ఏం రాసుకోవాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం ఎండ నెత్తి మీదికొచ్చే వేళకు తాజుద్దీన్ వచ్చాడు. రోజూ వచ్చినట్టు ట్రాలీ ఆటో మీద కాదు, నడిచి వచ్చాడు, చేతిలో ఖాళీ ప్లాస్టిక్ క్యాను పట్టుకుని. రెజిమెంటల్ బజార్‌లోని ప్లైవుడ్ దుకాణాల సరుకు మోస్తాడాయన. అరవైకి దగ్గర పడ్డ మనిషి, బంకుకు పాత గిరాకీ. జీరో చూడమంటే, "నువ్వున్నవు గదా బేటీ, నేనేం చూడాలె" అని అటు తిరిగి గడ్డం గోక్కుంటాడు. ఆ ఒక్క మాట వల్ల ఆయన బండి వస్తే ఝాన్సీకి ప్రాణం తేలికయ్యేది.

ఆ రోజు ఆ మాట రాలేదు.

"బేటీ, నా బండి మల్ల రోడ్డు మీద ఆగిపోయింది. లాల్‌బజార్ చడావ్ ఎక్కుతుంటె. ఎనక లారీ హారన్ మీద హారన్. షీట్లన్నీ దించి, బండి పక్కకు నెట్టి, ఎవల్నో బతిమిలాడి కావలి ఉంచి, ఇంత దూరం నడిచొచ్చిన." ఆయన రొమ్ము ఎగిసి పడుతోంది. "నా బండి డీజిల్ ముల్లు ఎప్పుడో సచ్చిపోయింది, నీకెరుకే. ట్రిప్పుల లెక్కన పోసుకుంట. పది లీటర్లు పోస్తె బొల్లారం ఎన్ని మాట్ల పోయి రావచ్చో నాకు కండ్లు మూసుకుని తెలుస్తది. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు తప్పలే. ఈ మధ్యల ఆఖరి ట్రిప్పు ఇల్లు చేరకముందే ఆగుతుంది. నీ పంపు తక్కువ కొడుతుంది."

నీ పంపు అన్నాడు. ఆ 'నీ' ఝాన్సీకి ముల్లులా దిగింది.

క్యూలో ఉన్నవాళ్లు చెవులు రిక్కించారు. ఇట్లాంటి మాటలకు బంకులో జనం ఎప్పుడూ సిద్ధమే. మేనేజరు వేణుమాధవ్ అద్దాల గదిలోంచి బయటికి వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మా బంకులో చుక్క తేడా ఉండదని పదిమంది ముందు చెప్పుకోవడమంటే ఆయనకు అత్తరు పూసుకున్నంత ఇష్టం.

"డౌటుంటే చూసుకో పెద్దమనిషీ. ఎవరడిగినా చూపియ్యాలని రూలే ఉన్నది. ఝాన్సీ, డబ్బా తే."

డబ్బా అంటే ఐదు లీటర్ల కొలత డబ్బా. ప్రతి బంకులోనూ ఒకటుంటుంది. లావుపాటి రేకు ఒళ్లు, పైకి పోను పోను సన్నబడ్డ మెడ, ఆ మెడకు ఒక చిన్న గాజు కిటికీ, కిటికీ పక్కన గీతలు. పోసింది నడిమి గీత మీద నిలబడితే సరిగ్గా ఐదు లీటర్లు పడ్డట్టు. కిందనే ఆగితే తక్కువ, గీత దాటితే ఎక్కువ. రోజూ పొద్దున గిరాకీ మొదలయ్యే ముందు అన్ని పంపులనూ ఒకసారి అందులో కొట్టి చూడటం, మళ్లీ భూమిలోని ట్యాంకులో పారబోయడం ఝాన్సీ పనే.

ఆమె డబ్బా తెచ్చి ముందు లోపలంతా డీజిలుతో తడిపి ఒంపేసింది. పొడి డబ్బా తనే కాస్త తాగేస్తుంది. చుక్కలు ఆగేదాకా బోర్లించి పట్టుకుని, తర్వాత చదునుగా ఉన్న బండ మీద నిలబెట్టింది. "జీరో చూడు చాచా" అంది. ఈసారి తాజుద్దీన్ చూశాడు. కళ్లార్పకుండా చూశాడు. పంపు ఐదు దగ్గర ఆగింది. అందరూ నురుగు దిగేదాకా ఆగారు.

డీజిలు నడిమి గీత మీద నిలబడింది. వెంట్రుకవాసి అటూ లేదు, ఇటూ లేదు.

"ఏమంటవ్?" అన్నాడు వేణుమాధవ్. గొంతులో అత్తరు గుప్పుమంది.

హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన అంతా ఫోనులో తీశాడు. ఇంకొకాయన నవ్వుతూ, "చాచా, పంపును గాదు, ఇంట్లోల్లను అడుగు. నీ డీజిల్ ఎవడు తాగుతున్నడో తెలుస్తది" అన్నాడు. గుంపంతా నవ్వింది. తాజుద్దీన్ మాత్రం ఆ గాజు కిటికీ వైపే చూస్తూ కాసేపు నిలబడి, "కండ్లతోని చూసినంక ఏమంట సార్. గల్తీ నాదే" అన్నాడు. క్యానులో డీజిలు పోయించుకుని ఎండలో పడి వెళ్లిపోయాడు. మెడ వంచుకుని నడిచే మనిషి కాదాయన. ఆ రోజు వంచుకునే వెళ్లాడు.

ఝాన్సీకి సంతోషమే అయింది. దాచుకోవడం ఎందుకు? రోజూ పడే మాటలకు ఇన్నేళ్లకు ఒకసారైనా గీత మీద నిలబడి ఎవరో సాక్ష్యం చెప్పినట్టయింది. మిగిలిన గంటలూ ఆమె "జీరో చూడండి" అన్న మాట కాస్త గట్టిగానే అంది.

బుధవారం తాజుద్దీన్ మళ్లీ వచ్చాడు. డీజిలు పోయించుకున్నాక బండి పక్కకు తీసి, సీటు కింది నుంచి కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఉస్మానియా బిస్కెట్లు. పొట్లం ఇంకా వెచ్చగా ఉంది.

"ఇదెందుకు చాచా?"

"తప్పయింది బేటీ. నలుగుట్ల నీ మీద మాటేసిన. ఆడపిల్ల మీద నింద మంచిది గాదని మా మెహరాజ్ సుత ఒకటే లొల్లి పెట్టింది." మెహరాజ్ ఆయన భార్య. "నీ పంపు మంచిగనే ఉన్నది. దొంగ నా ఇంట్లనే దొరికిండు."

ఝాన్సీ చేతిలో పొట్లం అట్లాగే ఉండిపోయింది.

ఆయన చెప్పుకుపోయాడు. ఎవరికో చెప్పుకోవాలని గుండెలో పెట్టుకుని వచ్చినట్టున్నాడు. పంపు సరిగ్గా ఉందాయె. బండిని మెకానిక్ దగ్గర విప్పించాడు, ఎక్కడా కారడం లేదు. ట్యాంకుకు చిల్లు లేదు. ఇక మిగిలింది ఎవరు? పొద్దున తను నడిపే బండిని సాయంత్రాలు తమ్ముడు అల్లాఉద్దీన్ నడుపుతాడు. బండి ఉండేది అదే ఇంట్లో వాడి వాటా గుమ్మం ముందే.

"మస్తు సోచాయించిన బేటీ. ఎటు తిప్పినా వాని దగ్గరికే వస్తుంది లెక్క. అడిగిన. నాకేం తెల్వదన్నడు. అమ్మ గోరీ మీద ఒట్టేసిండు. గా ఒట్టు ఇన్నంక నాకు ఇంకింత కోపమొచ్చింది. అమ్మ పేరు తీసి అబద్ధమాడుతవారా అని చేయి చేసుకున్న." కుడి అరచేతిని చూసుకున్నాడు. "నా చేతుల మీద పెరిగినోడు. పెండ్లాం పిల్లల్ని తీసుకుని బొల్లారంల అత్తగారింటికి పోయిండు. పోయేటప్పుడు బండి తాళంచెవి నా ముంగట పెట్టి పోయిండు, ఒక్క మాట అనలే. దొంగ గాకపోతె ఒక్క మాటన్నా అంటుండె గదా?"

వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఝాన్సీ వెళ్లి పైపు అందుకుని, "జీరో చూడండి సార్" అంది. బిస్కెట్లు ఇంటికి తీసుకెళ్లింది, ఒకటి చాయ్‌లో ముంచింది. అది మెత్తబడి గ్లాసులోనే పడిపోయింది. తీయబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున మామూలుగానే పంపులన్నీ కొట్టి చూసింది. మామూలుగానే అన్నీ గీత మీదికే వచ్చాయి. ఆఖరుసారి డబ్బాను ఎత్తి ట్యాంకు మూత మీద బోర్లించి పట్టుకుంది. అట్లా పట్టుకున్నప్పుడు డబ్బా అడుగు ఆమె ముఖానికి ఎదురుగా వస్తుంది. అడుగున పెద్ద సొట్ట ఉంది.

ఆ సొట్ట కొత్తది కాదు. వానలు పడ్డప్పటి నుంచి రోజూ చూస్తూనే ఉంది. రేకు సామానుకు సొట్ట ఉండటంలో వింతేముంది, ఇంట్లో ఏ గిన్నెకు లేదు గనక? గిరాకీలు గాజు కిటికీ చూస్తారు, మేనేజరు గాజు కిటికీ చూస్తాడు, పోయినసారి వచ్చిన మెకానిక్ కూడా అదే చూశాడు. ఆ డబ్బాకు అడుగనేది ఒకటుందని బోర్లించే ఝాన్సీకి తప్ప ఇంకెవరికీ పని లేదు.

చుక్కలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఆమె కళ్లు సొట్ట మీదే ఉన్నాయి. ఎందుకో చిలకలగూడలో వాళ్ల చిన్ననాటి రేషన్ దుకాణం గుర్తొచ్చింది. కిరోసిన్ పోసేవాడి కొలత గిన్నె అడుగంతా సొట్టలే. తల్లి లచ్చమ్మ ఆ గిన్నెను లాక్కుని వీధిలో అందరికీ తిప్పి చూపిస్తూ, "అడుగు లోపలికి కొట్టిండు, మన నూనె అంతా గీ గుంతల్నే ఉన్నది" అని అరిచేది. ఝాన్సీకి సిగ్గేసేది అప్పట్లో.

ఇప్పుడు తనే డబ్బాను వెలుతురులోకి తిప్పింది.

డబ్బా అడుగు లోపలికి పోతే డబ్బాలో పట్టేది తగ్గుతుంది. తగ్గితే ఐదు లీటర్లు పోసినా గీత దాటి పైకి రావాలి. వచ్చింది కూడా! వానల్లో ఒక పొద్దున నాలుగు పంపులూ గీత దాటి పోస్తున్నాయని తనే మేనేజరుకు చెప్పింది. ఊరికి ఉత్తగా పంచిపెడుతున్నామని వేణుమాధవ్ నెత్తి పట్టుకుని అప్పటికప్పుడు మెకానిక్‌ను పిలిపించాడు. "నాలుగిట్లకు ఒక్కటే రోగమా?" అని ఆ మెకానిక్ నవ్వాడు కూడా. నవ్వి, ఇంకో బంకుకు పోయే తొందరలో, నాలుగింటినీ ఈ డబ్బాకు సరిపోయేలా తగ్గించి పోయాడు. ఎవరూ కొలత మార్చకుండా పంపుకు ప్రభుత్వం వేసే సీలును అందుకోసం తెంపితే, మళ్లీ వేయాల్సింది తూనికల ఇన్‌స్పెక్టరు. ఏడాది తనిఖీకి ఎట్లాగూ వస్తాడు కదా అని అప్పటిదాకా ఉత్త తీగ చుట్టి వదిలేశారు. ఆయన వచ్చేది ఈ శనివారమే.

అంటే తాజుద్దీన్ చెప్పింది నిజం. పంపు దొంగది కాదు, డబ్బా దొంగది కాదు, పోసిన తను దొంగ కాదు. అయినా రోజూ అందరికీ తక్కువే పడింది. ఆ తక్కువంతా చివరికి ఒక్క అల్లాఉద్దీన్ నెత్తి మీదికి వెళ్లింది.

"దుర్గేష్, ఇటు రా" అని పిలిచింది. పక్క పంపు కుర్రాడు వచ్చి, ఆమె చూపించిన చోటు చూసి, చూపు తిప్పుకున్నాడు. అడగకముందే చెప్పేశాడు.

"వానల జారిందక్కా. ట్యాంకు మూత కొక్కెం మీద పడ్డది. జీతంల కోస్తరని చెప్పలే. రేకే గదా అనుకున్న."

ఆమెకు వాడిని తిట్టే ఓపిక లేకపోయింది. డబ్బా తీసుకుని అద్దాల గదిలోకి వెళ్లింది. వేణుమాధవ్ మొదట నవ్వాడు. తర్వాత డబ్బాను ఒళ్లో బోర్లించుకుని సొట్టలో వేళ్లు పెట్టి చూశాడు. నవ్వు పోయింది. రోడ్డవతలి బంకులో తెలిసినవాడిని అడిగి వాళ్ల డబ్బా తెప్పించాడు. గిరాకీని ఆపి, తనే స్వయంగా పైపు పట్టుకున్నాడు. తడపడం, ఒంపడం, చుక్కలాగేదాకా పట్టుకోవడం అన్నీ పద్ధతిగా చేశాడు. ఐదు లీటర్లు పడ్డాయి. డీజిలు గాజు కిటికీలో కింది గీతకు కూడా అందకుండా ఆగిపోయింది. లోటు ఒక చాయ్ గ్లాసంత.

"తల్లితోడు ఝాన్సీ, నాకు తెల్వదు" అన్నాడు. నిజంగానే తెలియదు. ఆ క్షణంలో ఆయన ముఖం చూస్తే ఎవరికైనా జాలేసేది. కానీ అద్దాల గదిలోకి వెళ్లి రెండు ఫోన్లు మాట్లాడి బయటికొచ్చేసరికి ఆయన మళ్లీ మేనేజరు అయిపోయాడు.

"మెకానిక్ సాయంత్రం వస్తుండు. కొత్త డబ్బాకు చెప్పిన, రేపటికల్ల వస్తది. శనివారం ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి అన్నీ గీత మీదుంటయి. అందాక బోర్డు పెట్టు."

దుర్గేష్ నాలుగు పంపులకూ 'నో స్టాక్' బోర్డులు తగిలించాడు. కాళ్ల కింద ట్యాంకుల నిండా నూనె ఉంది.

"తాజుద్దీన్ చాచా సంగతేంది సార్?"

"ఆయనకేంది? ఈసారి వస్తే ఫుల్ ట్యాంక్ కొట్టు, నా జేబుల నుంచి ఇస్త."

"తమ్ముణ్ణి ఇంట్ల నుంచి ఎల్లగొట్టిండు సార్. దొంగన్నడు. కొట్టిండంట."

"అది వాళ్లింటి పంచాయతి" అన్నాడు వేణుమాధవ్, ఆమె వైపు చూడకుండా. "చూడు, నేను నీ మంచికే చెప్తున్న. ఒక్కనికి చెప్తే ఊరంతా వస్తది. సీలు లేకుండ నడిపినం అని తెలిస్తే బంకు మూస్తరు. నీది, దుర్గేష్‌ది, అందరిది బతుకు రోడ్డు మీదికొస్తది. పంపు సరి చేస్తున్నం గదా? ఇంకేం గావాలె? ఆ డబ్బా తుక్కుల పడేయ్. ఇది ఈడనే అయిపోవాలె."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది. పంపులు సరి అవుతాయి. కొత్త డబ్బా వస్తుంది. శనివారం ఇన్‌స్పెక్టరు గీత చూసి సీలు వేసి పోతాడు. ఆ తర్వాత తాజుద్దీన్ బండి ఎక్కడా ఆగదు. ఆగకపోతే ఆయన ఏమనుకుంటాడు? తమ్ముణ్ణి పంపించేశాక డీజిలు సరిపోతోంది, దొంగ వాడేనని రుజువైందని అనుకుంటాడు. పంపు బాగుపడిన కొద్దీ ఆ మనిషి దొంగతనం గట్టిపడుతుంది.

గిరాకీ లేని బంకులో మధ్యాహ్నం దాకా ఊరికే నిలబడటం పని చేయడం కన్నా కష్టమయింది. డ్యూటీ దిగి, యూనిఫాం చొక్కా మడత పెట్టి, తుక్కు మూటలోంచి డబ్బా తీసి కూరగాయల సంచిలో పెట్టుకుంది. మెడ బయటికే కనబడుతోంది. దుర్గేష్ చూశాడు.

"అక్కా, నా పేరు చెప్పకు."

"నీ పేరు ఎవ్వనికి గావాలె రా" అంది. ఆమె విసుగంతా ఆ మాటలో బయటికొచ్చింది.

రెజిమెంటల్ బజార్ దాకా నడిచే వెళ్లింది. డబ్బా మోకాలికి తగులుతూ ఉంది. ప్లైవుడ్ దుకాణం ముందు తాజుద్దీన్ ట్రాలీలో షీట్లకు తాడు బిగిస్తున్నాడు. ఆమెను అక్కడ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏంది బేటీ, గింత ఎండల? బిస్కెట్లు మంచిగ లేకుండెనా?"

సంచిలోంచి డబ్బా తీసి, ఏమీ చెప్పకుండా, ప్లైవుడ్ షీట్ల మీద బోర్లించింది.

"దీని అడుగు చూడు చాచా."

ఆయనకు మొదట అర్థం కాలేదు. ఆమె చెప్పింది, తొందర లేకుండా, ఒకదాని వెంట ఒకటి. వానలో పడటం, గీత దాటడం, మెకానిక్ తగ్గించడం, పొద్దున పక్క బంకు డబ్బాలో చూసింది. "నువ్వు చెప్పిందే నిజం చాచా. పంపు తక్కువనే కొట్టింది. కొట్టింది నేనే. నాకు తెల్వకుండ కొట్టిన." తాజుద్దీన్ పిడికిలి బిగించి సొట్టలో పెట్టాడు. పిడికిలి అందులో సరిగ్గా కూర్చుంది. చేయి తీయలేదు.

"ఎందుకు చెప్పినవ్ బేటీ?" అన్నాడు.

ఆమె బిత్తరపోయింది.

"వాడు దొంగైతే నేను మాఫ్ చేస్తుంటి. ఇయాల గాకపోతే రంజాన్‌కు పిలుస్తుంటి. చిన్నోడు, గల్తీ చేసిండనుకుంటుంటి. ఇప్పుడు వాడు దొంగ గాదంటివి. ఇప్పుడు మాఫీ ఎవడు అడగాలె? ఎట్ల అడగాలె?" గడ్డం అదిరింది. ముసలాయన ఏడుస్తుంటే దుకాణం ముందు మనుషులు చూస్తున్నారు. ఝాన్సీకీ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కాసేపటికి ఆయన రుమాలుతో ముఖం తుడుచుకుని ట్రాలీ ఎక్కాడు. "ఈ షీట్లు బొల్లారంకే పోవాలె. నువ్వు సుత రా బేటీ. నాకు నోరు రాదు. వానికి నువ్వు చెప్పు."

ఇంటికి పోయి కాళ్లు బార్లా చాపుకోవాలని ఆమె ఒళ్లంతా అడుగుతోంది. అయినా డబ్బాను ఒళ్లో పెట్టుకుని పక్కన ఎక్కి కూర్చుంది.

లాల్‌బజార్ ఎత్తు ఎక్కుతుండగా ఫోన్ మోగింది. వేణుమాధవ్.

"ఝాన్సీ, తుక్కుల డబ్బా లేదు. ఏడున్నది?"

"నా దగ్గరున్నది సార్."

"నీ దగ్గరెందుకు? నువ్వేడున్నవ్?"

ఆమెకు గట్టిగా మాట్లాడే శక్తి కూడా లేదు. చాలా మామూలుగా, రేపు లీవు కావాలని అడిగే గొంతుతో చెప్పింది. "బొల్లారం పోతున్న సార్. డబ్బా శనివారం తీసుకొస్త, ఇన్‌స్పెక్టర్ సార్ వచ్చినప్పుడు."

అటువైపు ఫోన్ కట్ అయింది. నౌకరీ ఉందో పోయిందో ఆమెకు తెలియలేదు. పోయే ఉంటుంది. రేపు పొద్దున లేవాలా వద్దా అని ఆలోచించబోయి, ఆలోచించలేక మానేసింది. తాజుద్దీన్ అంతా విన్నాడు. గేరు మార్చి బండిని నెమ్మదిగా ఎత్తు ఎక్కించాడు.

అల్లాఉద్దీన్ అత్తగారి ఇంటి ముందు రేకుల నీడన ఒక ఇనుప గేటుకు రంగు వేస్తున్నాడు. ఎవరిదో పని తెచ్చుకున్నట్టున్నాడు. అన్న ట్రాలీ చప్పుడు గుర్తుపట్టాడు గాని తల ఎత్తలేదు. తాజుద్దీన్ సీటు మీది నుంచి కదల్లేదు. హ్యాండిల్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. దిగింది ఝాన్సీయే.

"నేను పెట్రోల్ బంకుల చేస్త తమ్మీ" అని మొదలుపెట్టి, మళ్లీ అంతా చెప్పింది. డబ్బా బోర్లించి చూపించింది. అల్లాఉద్దీన్ రంగు చేతులతోనే డబ్బాను అందుకుని అడుగు చూశాడు, తిప్పి గాజు కిటికీ చూశాడు, మళ్లీ అడుగు చూశాడు. ఎడమ చెంప మీద, కంటి కింద, దెబ్బకు కమిలిన మచ్చ ఇంకా పోలేదు.

ఆ తర్వాత అన్న వైపు తిరిగాడు. కోపంగా ఉంటే బాగుండేది. గొంతులో కోపం లేదు.

"భాయ్, మొన్న డబ్బా మంచిదన్నది, నేను దొంగనైన. ఇయాల డబ్బా ఖరాబ్ అన్నది, నేను మంచోణ్ణయిన. రెండు మాట్ల నువ్వు డబ్బానే నమ్మినవ్." డబ్బాను నేల మీద నిలబెట్టాడు. సొట్ట కిందికి పోయి కనబడకుండా పోయింది. "అమ్మ మీద ఒట్టేసి నేను చెప్పిన గదా భాయ్. నేను చెప్పిన."

తాజుద్దీన్ దిగాడు. దిగి తమ్ముడి దగ్గరికి రాలేక, ట్రాలీ చక్రం పక్కనే నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు. అల్లాఉద్దీన్ అటు వెళ్లలేదు. ఇంట్లోకీ వెళ్లలేదు. కుంచె పట్టుకుని నిలబడ్డాడు. కుంచె నుంచి పచ్చరంగు చెప్పు మీద పడుతోంది.

తను చేయాల్సింది చేసేసింది. అంతకుమించి తన చేతిలో ఏమీ లేదని ఝాన్సీకి తెలిసింది. ఆ ఇద్దరి మధ్య పోయింది ఏ డబ్బాలో పోసి కొలుస్తారు? గోడకు చేయి ఆనించి, ఒక కాలి బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంది. పొద్దుటి నుంచి ఎన్నోసారో.

అల్లాఉద్దీన్ చూపు ఆమె పాదాల మీద పడింది. ఉబ్బి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. కుంచెను రంగు డబ్బా మీద అడ్డంగా పెట్టి, లోపలికి వెళ్లి, ఒక చేత్తో ప్లాస్టిక్ స్టూలు, ఇంకో చేత్తో నీళ్ల చెంబు తెచ్చాడు. స్టూలు ఆమె ముందు వేశాడు.

"కూసో అక్కా" అన్నాడు. "పొద్దటి సంది నిలబడ్డట్టున్నవ్."

ఆమె కూర్చుంది. చెంబు ఇంకా అతని చేతిలోనే ఉంది. అతను ఆమెకు ఇవ్వబోయి ఆగి, ట్రాలీ చక్రం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చెంబు పట్టుకుని అటు నడిచాడు.